బొడిపె

కొండమల్లేపల్లి చౌరస్తాల
మే నెల, పన్నెండు దాటింది.
ఒక్క సోడా తాగుదామని దిగిన.
వేలు బొడిపె నొక్కింది,
ఇంకో చెయ్యి పిడి ఎత్తిపట్టి తలుపేసింది.
ఏడేండ్ల అలవాటు,
దానికి నాతోటి పనిలేదు.

తాళంచెవి లోపలే ఉండిపోయింది.
అద్దంల నుంచి మంచిగనే కనబడుతుంది
స్టీరింగు పక్కన, ఎర్రదారం కట్టింది,
ఇంకా జరంత ఊగుతనే ఉంది.

వెనుక సీటు మీద ఐసుడబ్బా.
డబ్బాల నాలుగువందల గొర్రెలకు
చిటుకురోగం టీకా.
పెండ్లిపాకల కాడ పొద్దుగాల్నుంచి
మందను మేతకు తోలకుండ ఆపుకున్నడు మల్కయ్య.
ఆయనే చేస్తుండొచ్చు,
ముందు సీట్ల నా ఫోను
బొర్లపడ్డ పురుగు లెక్క
గిరగిర తిరుగుతుంది.

అద్దం పగలగొట్టమన్నడు పంచరుషాపు జానిమియా.
పాత అద్దం దేవరకొండల దొరుకుతదని ధైర్యం గూడ చెప్పిండు.
ఆటోపోరగాండ్లు బండినే ఊపి చూసిండ్రు.
ఒకాయన నాలుగు తలుపులూ గుంజిండు.
ఎనుకొచ్చినాయన
అవే నాలుగు మళ్ళ గుంజిండు.
"పసులకు సూదులిచ్చేదానివి, నీకే యాది లేకపోతే ఎట్లనమ్మా"
అని నవ్వుకుంటనే సోడాబండి పెంటమ్మ
గోనెసంచి నీళ్ళల్ల ముంచి తెచ్చి
డబ్బా దిక్కు అద్దం మీద కప్పింది.
అప్పటిదాక చెప్పిన సలహాలన్నిట్ల
పనికొచ్చింది గదొక్కటే.

అప్పుడు లేచిండు
బస్సుషెల్టరు నీడల కూసున్నాయన.
నలభై ఉంటయేమో, గారపట్టిన పండ్లు,
చంకల ప్లాస్టిక్ సంచి.
జిరాక్సుదుకాణంల స్టీలుస్కేలు అడిగి తెచ్చుకుండు.
రాయి మీద దాని మూతి కొంచెం వంచిండు.
అద్దానికీ రబ్బరుకూ నడుమ దించి
కండ్లు మూసుకుండు.
చూలుగొర్రె కడుపు మీద చెయ్యేసి
లోపలున్నది ఒకటో రెండో
నేను ఎట్ల ఇనుకుంటనో
గట్ల రేకు లోపలిది ఇనుకుంటుండు.

టక్కుమంది.
బొడిపె లేచింది.

ఆటోపోరగాండ్లు ఈలలేసిండ్రు.
ఈలలు ఆగినంక
ఎవరో అన్నరు, "చెయ్యి బాగనే తిరిగిందన్నా, యాడ నేర్సినవ్?"
మాటల తప్పేం లేదు.
కాని నవ్వినోడు ఒకడు నవ్విండు,
ఇంకొకడు తన బండి దిక్కు చూసుకుండు.
"పట్నంల. ఒకప్పుడు" అన్నడాయన.
స్కేలును తొడ మీద ఆనించి
వంకర పోయేదాక ఒత్తి
జిరాక్సుదుకాణంల ఇచ్చొచ్చిండు.

నేను డబ్బా మూత తీసిన.
ఐసు సగం ఉంది, సీసాలు సల్లగనే ఉన్నయి.
పానం కుదుటపడ్డది.
అప్పుడు
ఫోను పక్కనున్న బ్యాగు తీసిన.
జిప్పు గుంజిన.
రెండువేల మూడువందలు.
మొత్తం ఉన్నయి.
ఉండవా మరి, ఆయన లోపలికి చెయ్యి గూడ పెట్టలే.
తలుపు తీసింది నేను, ముందు వంగింది నేను.
నోట్లు మడిచేటప్పుడు చూసిన,
నా దిక్కే చూస్తుండు.
కోపం లేదు.
తెలిసిన బస్సే వచ్చినట్టు
చూస్తుండు.

"అన్నా, సోడా తాగిపో" అన్న.
గొంతు ఎక్కువైంది, నాకే తెలుస్తుంది.
పెంటమ్మ గోలీ కొట్టింది.
సాగర్ బస్సు వచ్చింది.
సంచి చంకల పెట్టుకుని ఎక్కిండు.
ఆ సీసా బండి మీద
బుస్సుమని పొంగి
మెల్లగ అణగిపోయింది.

పెండ్లిపాకలల పొద్దుగూకేదాక సూదులు.
నూటయాభై దాటినంక లెక్క తప్పిన,
మల్కయ్య తప్పలే.
"తాళం ఎవలు తీసిండ్రు మేడం?" అన్నడు,
గొర్రె మెడను మోకాళ్ళ నడుమ ఇరికించి.

ఒకాయన, అన్న.
పేరేందన్నడు.

అడిగితే గద తెలిసేది.
ఇంకో గొర్రెను పట్టుమన్న.